మానసిక వ్యాధుల మందులు వాడుతున్న పిల్లలు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో మనం ఏమి కొలవాలి, ఏమి అడగాలి?

కొండదారి (వైద్యాధికారి, పార్వతీపురం మన్యం జిల్లా)
సోమవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. పోయిన వారం మా ఓపీకి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల బాబును దగ్గు, జ్వరం అని తీసుకొచ్చారు. వీపు మీద స్టెతస్కోపు పెట్టబోతూ చూస్తే, మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, మడతలు పడి కనిపించింది. అది మట్టి అనుకుని నెల రోజులుగా సున్నిపిండితోనూ కొబ్బరి పీచుతోనూ రుద్దుతున్నానని, చర్మం ఒరిసి పుండు పడుతోందే గానీ నలుపు వదలడం లేదని ఆమె చెప్పారు. అది మట్టి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదనడానికి చర్మం మీద కనిపించే గుర్తని ఆమెకు వివరించేసరికి నాకే గొంతు పట్టేసింది. బాబుకు ఆటిజం ఉన్నది. తలను గోడకేసి కొట్టుకోవడం, చేతులు కొరుక్కోవడం తగ్గడానికి నగరంలోని ఒక వైద్యశాలలో రిస్పెరిడోన్ మొదలుపెట్టారు; ఏడాదిన్నరగా వాడుతున్నారు. మందు వల్ల మేలు జరిగిందని తల్లి స్పష్టంగా చెబుతున్నారు. అయితే ఆమె సంచిలోంచి తీసిన పదకొండు చీటీలలో ఒక్కదాని మీదా బరువు రాసి లేదు. ఆ రోజు మా తూకంలో బాబు బరువు 41 కిలోలు, ఎత్తు 131 సెంటీమీటర్లు.

ఇక్కడ తప్పు ఒక్క ఆ వైద్యశాలదే అనలేను. ఆ ఏడాదిన్నరలో బాబు మా పీహెచ్‌సీకి కనీసం నాలుగుసార్లు వచ్చాడని మా ఓపీ రిజిస్టరు చెబుతున్నది. నాలుగుసార్లూ దగ్గుకు మందు ఇచ్చి పంపించాము. మందు రాసేవారు ఎక్కడో దూరాన ఉన్నారు. తూకం, ఎత్తు కొలిచే స్కేలు, బీపీ యంత్రం మా దగ్గర ఉన్నాయి. ఈ పిల్లల విషయంలో మన స్థాయిలో కచ్చితంగా జరగవలసిన పని ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను. తల్లి అనుమతితోనే రాస్తున్నాను; గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఓపీ గది 2 (వైద్యాధికారి, మెదక్ జిల్లా)
సోమవారం, రాత్రి 10.15

డాక్టర్ గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ రోజుకు వంద ఓపీ చూసే చోట, ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యం రెండు వారాలు చదివి వచ్చిన మనం ఈ మందుల జోలికి వెళ్లడం క్షేమమేనా అనేది నా అనుమానం. మాది మెదక్. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో తొలుత నాలుగు జిల్లాలలో ప్రారంభించినప్పుడు అందులో మెదక్ ఒకటి. ఇన్నేళ్ల తరువాత కూడా పిల్లల మానసిక వైద్యులు జిల్లాల్లో దొరకడం లేదు. కాబట్టి ఇటువంటి పిల్లలను రాసిన వారి దగ్గరికే తిరిగి పంపడం మంచిదని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. మోతాదు మార్చే ధైర్యం నాకు లేదు.

తులసికోట (పిల్లల మానసిక వైద్యురాలు, హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 6.50

మోతాదు మార్చమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదండి, అడగకూడదు కూడా. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మా పని. మా దగ్గరికి పిల్లలు మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి వస్తారు. చాలాసార్లు పిల్లవాడు రాడు, నాన్న ఒక్కరే చీటీ పట్టుకుని వచ్చి మందులు తీసుకెళ్తారు. రాని పిల్లవాడిని నేను ఎలా తూచగలను? మీ ఓపీలో నమోదైన ఒక్క బరువు నా చేతికి వస్తే నా నిర్ణయం మారుతుంది.

రిస్పెరిడోన్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర ఆటిజం ఉన్న పిల్లలకు ఎక్కువగా రాసేది అదే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో, 5 నుంచి 16 ఏళ్ల ఆటిజం పిల్లలలో తీవ్రమైన చిరాకుకు, తమను తాము గాయపరచుకునే ప్రవర్తనకు దీనిని ఆమోదించింది. మంచి మందు. అయితే ఆకలిని విపరీతంగా పెంచుతుంది. మాటలు రాని పిల్లవాడు ఆకలి అని చెప్పలేక అన్నం గిన్నె దగ్గరే తిరుగుతుంటే, ఇంట్లో వాళ్లు పిల్లవాడు ఇప్పుడు బాగా తింటున్నాడని సంతోషిస్తారు. బరువు చాలావరకు మొదటి మూడు నెలల్లోనే పెరుగుతుంది. అందుకే మందు మొదలుపెట్టిన రోజున ఒకసారి, తరువాత 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకొకసారి బరువు, ఎత్తు చూడాలి. బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు మొదట్లోనూ 12 వారాలకూ, ఆ తరువాత కనీసం ఏడాదికొకసారీ చేయించాలి. పిల్లలు సహజంగానే పెరుగుతుంటారు గనక బరువు ఒక్కటీ చూస్తే మోసపోతాము. ఎత్తుతో కలిపి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) లెక్కగట్టి, భారతీయ బాలవైద్యుల సంఘం వారి 2015 నాటి పెరుగుదల చార్టు మీద చుక్క పెట్టాలి. చుక్క పక్కన చుక్క పెడుతూ పోతే గీత ఎటు వంగుతున్నదో మీకే తెలుస్తుంది.

కదలికలను కూడా చూడాలి. దీనికి యంత్రం అక్కరలేదు, మూడు నిమిషాలు చాలు. పిల్లవాడిని కుర్చీలో కూర్చోబెట్టి చేతులు మోకాళ్ల మీద పెట్టమనండి. నోరు తెరవమని, నాలుక చాపమని, బొటనవేలితో మిగతా వేళ్లను ఒకటొకటిగా తాకమని, తరువాత లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడవమని చెప్పండి. నాలుక పురుగులా మెలికలు తిరగడం, పెదవులు నమలడం, చేతులు ఊగకుండా బిగుసుకుని నడవడం, ఒక్కచోట కూర్చోలేక కాళ్లు మార్చుకుంటూ ఉండడం కనిపిస్తే రాసి నాకు పంపండి.

ఒక విన్నపం. బరువు పెరిగిందని చూసి మందును ఒక్కసారిగా ఆపించవద్దు. ఆపిన వారానికే పిల్లవాడు మళ్లీ తల బాదుకోవడం మొదలుపెడితే ఆ కుటుంబానికి వైద్యుల మీదే నమ్మకం పోతుంది. తగ్గించడానికీ, బరువు తక్కువ పెంచే మరో మందుకు మార్చడానికీ, అవసరమైతే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ జోడించడానికీ మాకు దారులు ఉన్నాయి.

ఓపీ గది 2
మంగళవారం, మధ్యాహ్నం 2.05

మేడమ్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కొలవడం వరకైతే నేను చేయగలను. రక్త పరీక్షల సంగతి చెబుతాను: తెలంగాణలో పీహెచ్‌సీలోనే నమూనా తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపితే కొలెస్ట్రాల్, థైరాయిడ్, కాలేయ పరీక్షలు ఉచితంగా చేసి ఫలితం ఫోనుకు పంపుతారు. పెద్దవాళ్ల బీపీ, షుగర్ కోసం రోజూ పంపుతున్న డబ్బాలోనే ఈ పిల్లల సీసా కూడా వెళుతుంది. ఇన్నాళ్లూ ఆ ఆలోచన రాలేదు.

బీపీ గురించి సాటి వైద్యులకు ఒక మాట. మా కేంద్రంలో పెద్దల కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) మాత్రమే ఉండేది. సన్నటి చేతికి పెద్ద కఫ్ చుడితే బీపీ ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది. మరీ చిన్న కఫ్ అయితే ఎక్కువ చూపిస్తుంది. ఆసుపత్రి అభివృద్ధి నిధిలోంచి పిల్లల కఫ్‌లు రెండు కొన్న తరువాతే పిల్లల బీపీని నమ్మి రాస్తున్నాను.

సబ్‌సెంటర్ సిస్టర్ (ఏఎన్‌ఎం, అంటే గ్రామ ఆరోగ్య కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా)
మంగళవారం, రాత్రి 8.30

పెద్ద డాక్టర్ల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించాలి. మా ఊళ్లో పదహారేళ్ల అమ్మాయి ఒకతె ఇదే రిస్పెరిడోన్ వాడుతున్నది. నాలుగు నెలలు నెలసరి రాలేదు. తల్లి భయపడి అమ్మాయిని కొట్టింది, చదువు మాన్పించింది, ఎవరితో తిరిగావని నిలదీసింది. నేను ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల గొడ్లచావిడిలో కూర్చుని ఏడుస్తోంది. విడిగా కూర్చోబెట్టి అడిగితే, రొమ్ముల నుంచి పాలలాగా వస్తోంది, అది ఎవరికి చెప్పాలో తెలియక పాత చున్నీ గుడ్డ లోపల పెట్టుకుంటున్నాను అని చెప్పింది. గర్భ పరీక్ష చేశాను, లేదు. మా మెడికల్ ఆఫీసర్ గారికి చూపిస్తే మందు వల్ల ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగితే అలా అవుతుందని చెప్పి పెద్దాసుపత్రికి రాసి పంపారు. మందు మార్చాక రెండు నెలలకు నెలసరి వచ్చింది.

ఇటువంటి సంగతి ఏ ఆడపిల్లా నలుగురు నిలబడిన ఓపీలో డాక్టరు గారికి చెప్పదు. మాకు చెబుతుంది, అదీ ఒంటరిగా అడిగితేనే. మందు ఇచ్చే రోజునే తల్లికీ పిల్లకీ "ఇలా జరగవచ్చు, జరిగితే తప్పు నీది కాదు" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల దెబ్బలు తినేది కాదు. మగపిల్లలకు కూడా ఛాతీ పెరుగుతుంది, వాళ్లు చొక్కా విప్పరు, స్నానానికి చెరువుకు వెళ్లడం మానేస్తారు. అడగాలి.

తులసికోట
మంగళవారం, రాత్రి 9.10

సిస్టర్, మన్నించమని మీరు అడగవద్దు. ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చిన వాటిలో ముందు చెప్పవలసిన మాట మీదే. రేపటి నుంచి నా చీటీల మీద నెలసరి గురించిన ప్రశ్న అచ్చు వేయిస్తాను.

ఆడపిల్లల ప్రస్తావన వచ్చింది గనక వాల్‌ప్రోయేట్ గురించి కూడా చెప్పాలి. మూర్ఛకూ, బైపోలార్ వ్యాధికీ (ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) వాడే ఈ మందు గర్భంలోని బిడ్డకు చాలా ప్రమాదకరం: వాడుతూ గర్భం దాల్చితే సుమారు పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుకతో అవయవ లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల, చదువు సమస్యలు వస్తాయి. పదమూడేళ్లకు మొదలుపెట్టిన మందు పద్దెనిమిదేళ్లకు పెళ్లయ్యాక కూడా అలాగే కొనసాగుతుంటుంది. ఆ సంగతి రాసిన వైద్యుడికి తెలియదు, పెళ్లి భోజనానికి వెళ్లిన ఏఎన్‌ఎంకు తెలుస్తుంది. అటువంటి చోట దయచేసి ఫోన్ చేయండి. మాత్ర మాత్రం మధ్యలో ఆపించకండి, మూర్ఛ ఉన్నవారిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

లీడ్స్ జీపీ (ఇంగ్లండ్)
బుధవారం, తెల్లవారుజాము 3.20

నేను గుంటూరులో చదివి, పద్నాలుగేళ్లుగా ఇక్కడ కుటుంబ వైద్యుడిగా ఉన్నాను. ఇక్కడ షేర్డ్ కేర్ అనే ఏర్పాటు ఉన్నది: నిపుణులు మందు మొదలుపెట్టి, మోతాదు కుదిరేవరకు తామే చూసి, ఆ తరువాత రాతపూర్వకమైన ఒప్పందంతో మాకు అప్పగిస్తారు. ఏ పరీక్ష ఎవరు, ఎప్పుడు చేయాలి, ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక్క కాగితం మీద ఉంటుంది. నాకు ఆ మందు మీద తగిన పట్టు లేదనుకుంటే ఒప్పుకోకపోయే హక్కు కూడా నాకు ఉన్నది. వాల్‌ప్రోయేట్ విషయంలో 2024 జనవరి నుంచి ఇక్కడి నిబంధన మరింత గట్టిపడింది: 55 ఏళ్ల లోపు స్త్రీలకైనా పురుషులకైనా, ఇద్దరు నిపుణులు వేరే దారి లేదని విడివిడిగా ఒప్పుకుంటే తప్ప కొత్తగా మొదలుపెట్టరు.

అయితే కాగితం ఉన్నంత మాత్రాన పని జరగదు. ఇక్కడా పిల్లల బరువు కొలవని సందర్భాలు చూశాను. నా అనుభవంలో పని జరిగేది, తరువాతి తేదీ తల్లిదండ్రుల చేతిలో రాసి పెట్టినప్పుడు.

పోచమ్మ మైదాన్ (ఒక తల్లి, వరంగల్)
బుధవారం, ఉదయం 11.00

నేను వైద్యురాలిని కాను. మా బాబుకు పదకొండేళ్లు. ఏడీహెచ్‌డీకి (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) మిథైల్‌ఫెనిడేట్ రెండేళ్లుగా వాడుతున్నాము. మందుతో బడిలో కూర్చోగలుగుతున్నాడు, స్నేహితులు ఏర్పడ్డారు, నాకు అది చాలా పెద్ద విషయం. కానీ మధ్యాహ్నం డబ్బా ఎలా పంపితే అలాగే తిరిగి వస్తుంది. మా ఇంట్లో వంటగది తలుపు చట్రం మీద ప్రతి ఉగాదికీ పిల్లలిద్దరినీ నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తాము. ఈ ఉగాదికి పాప గీత నాలుగు వేళ్లు పైకి వెళ్లింది. బాబుది పాత గీత మీద దాదాపు అలాగే పడింది. పెన్సిలు జరిగిందేమో అని మళ్లీ గీశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మందు ఆపితే చదువు పోతుంది, వాడితే ఎదుగుదల పోతుంది అన్న భయంతో ఉన్నాను. నాకు ఎవరైనా చెప్పగలరా?

తులసికోట
బుధవారం, మధ్యాహ్నం 1.30

అమ్మా, మీరు తలుపు మీద గీసినది వైద్యులు గీయవలసిన గీత. మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని తగ్గిస్తుంది, కొందరిలో ఎత్తు పెరగడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. అమెరికా, కెనడాలలో 579 మంది పిల్లలతో జరిగిన పెద్ద పరిశోధనలో, మందు వాడిన వారు మూడేళ్లకు వాడని వారి కంటే సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నట్టు కనిపించింది. కాబట్టి మీ భయం ఊహ కాదు, కానీ మీరు అనుకున్నంత పెద్దదీ కాకపోవచ్చు. ఏడాదిలో అసలు పెరగకపోతే మాత్రం మందు ఒక్కటే కారణమని తీర్మానించకుండా థైరాయిడ్, రక్తహీనత వంటివి కూడా వెతకాలి. ఈ వారంలోనే మీ వైద్యులకు చూపించండి.

ఈలోగా మాత్రను ఉదయం కడుపు నిండా టిఫిన్ తిన్నాకే వేయండి. మధ్యాహ్నం తినలేదని కోప్పడవద్దు. మందు ప్రభావం దిగే సాయంత్రం వేళ ఆకలి వేస్తుంది, అప్పుడు అల్పాహారం కాకుండా పూర్తి భోజనం పెట్టి, రాత్రి పడుకునే ముందు మళ్లీ పెట్టండి. ఎదుగుదల కోసం సెలవుల్లో మందుకు విరామం ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది, అది మీ వైద్యులతో మాట్లాడాకే.

వైద్యులకు: ఈ మందు వాడే పిల్లలకు ఎత్తు ఆరు నెలలకొకసారి, పదేళ్లలోపు వారికి బరువు మూడు నెలలకొకసారి, గుండె వేగం, బీపీ మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆపైన ఆరు నెలలకొకసారి చూడాలి. మొదలుపెట్టే ముందు, కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు ఉన్నారా, బిడ్డ ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా అని అడగడం మరచిపోవద్దు.

మెడికల్ షాపు నుంచి (ఫార్మసిస్టు, తూర్పు గోదావరి జిల్లా)
బుధవారం, రాత్రి 10.45

మా కౌంటరు దగ్గర జరిగినది ఒకటి చెబుతాను. నాలుగేళ్ల పాప. రిస్పెరిడోన్ ద్రవం, ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నది, అర మిల్లీలీటరు వేయమని చీటీ. సీసాతో వచ్చిన గొట్టం పోయింది. నాయనమ్మగారు "అర" అన్నది గుర్తు పెట్టుకుని టీ చెంచాతో అర చెంచా వేశారు. టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. అర చెంచా రెండున్నర. అయిదు రెట్లు. రెండో రోజున పాప మెడ ఒక పక్కకు మెలిపడి, కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళుతూ దారిలో మా కొట్టు దగ్గర ఆగారు. ఇది మందు వల్ల కండరాలు బిగుసుకోవడమని నాకు తెలిసి వెంటనే పీహెచ్‌సీకి పంపాను. అక్కడ ప్రోమెథజైన్ ఇంజెక్షన్ ఇస్తే గంటలోపే మెడ సర్దుకున్నది. అప్పటి నుంచి సూదిలేని చిన్న సిరంజి ఇచ్చి, వేయవలసిన గీత దగ్గర నల్ల మార్కరుతో గుర్తు పెట్టి, వాళ్ల చేత నీళ్లతో ఒకసారి తీయించి చూస్తేనే సీసా ఇస్తున్నాను.

ఓపీ గది 2
గురువారం, ఉదయం 7.15

నిన్న మా కేంద్రానికి పదిహేడేళ్ల అమ్మాయి వచ్చింది. కుంగుబాటుకు ఎవరో ఫ్లూఆక్సెటీన్ పది రోజుల క్రితం మొదలుపెట్టారు, నెల తరువాత రమ్మన్నారు. నిద్ర పట్టడం లేదని, లోపల ఏదో తరుముతున్నట్టు ఉందని అంటోంది. ఆత్మహత్య గురించి అడగాలా వద్దా అని తటపటాయించాను. అడిగితే లేని ఆలోచన పెట్టినవాడిని అవుతానేమోనని భయం వేసింది.

తులసికోట
గురువారం, ఉదయం 7.40

అడగండి, ఈ రోజే ఆమెను పిలిపించి అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉన్నదానిని బయటికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అమ్మానాన్నలను కాసేపు బయట కూర్చోబెట్టి, "బతకడం ఎందుకు అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలని అనుకున్నావా? ఎలా అని ఆలోచించావా?" అని నేరుగా, నెమ్మదిగా అడగండి. 2004లో అమెరికా నియంత్రణ సంస్థ 24 పరిశోధనలను, అందులోని 4,400 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసినప్పుడు, ఇటువంటి మందులు వాడినవారిలో ఆత్మహత్యా ఆలోచనలు లేదా ప్రయత్నాలు సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2 శాతం కనిపించాయి. ఆ పరిశోధనలలో ఎవరూ ప్రాణాలు కోల్పోలేదు. ఈ అంకెలు మందు మానేయమని చెప్పవు, మొదటి వారాల్లో పిల్లను ఒంటరిగా వదలవద్దని చెబుతాయి. మొదటి నాలుగు వారాలు వారానికొకసారి ఎవరో ఒకరు చూడాలి లేదా కనీసం మాట్లాడాలి. మీ అమ్మాయి చెప్పిన "తరుముతున్నట్టు" అన్న మాట నన్ను కలవరపెడుతున్నది. మందు రాసిన వైద్యులకు ఈ పూటే ఫోన్ చేసి చెప్పండి. మాత్రలు తల్లి దగ్గర ఉండాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే వేరే చోటికి తీసేయించండి. రాత్రివేళ అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు తెలుగులో మాట్లాడవచ్చని అమ్మాయి చేతే, ఆమె చేతి రాతతో రాయించండి.

ఓపీ గది 2
గురువారం, సాయంత్రం 6.30

పిలిపించాను. అడిగాను. ఉన్నది. ఎలా అన్నది కూడా చెప్పింది. తండ్రి ఇంటికి వెళ్లి పత్తి చేనుకు తెచ్చిన రెండు డబ్బాలు తమ్ముడి ఇంట్లో పెట్టి వచ్చారు. మందు రాసిన డాక్టరు గారితో మాట్లాడాను, రేపు ఉదయమే చూస్తామన్నారు. రాత్రికి ఆమె మేనత్త తోడు పడుకుంటారు. మొదటి రోజు నేను ఇక్కడ రాసినదానిని వెనక్కి తీసుకుంటున్నాను.

మరొక సందేహం. బైపోలార్ వ్యాధికి లిథియం వాడే కుర్రవాడు ఒకడు ఉన్నాడు, ఎండలు ముదురుతున్నాయి; ఏమి గమనించాలి?

తులసికోట
గురువారం, రాత్రి 9.00

లిథియం మీద ఎండాకాలం అంతా కన్నేసి ఉంచాలి. చెమటతో నీరు, ఉప్పు పోయినకొద్దీ రక్తంలో లిథియం పెరుగుతుంది. విరేచనాలు అయినా అంతే. ఒళ్లు నొప్పులకు కొట్లో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలతోనూ పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ చెప్పండి. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వడదెబ్బ అని సరిపెట్టవద్దు. ఇది ఒక్కటి, మీరే వెంటనే మందు ఆపించి అదే గంటలో పెద్దాసుపత్రికి పంపవలసిన సందర్భం. మామూలు రోజుల్లో రక్త స్థాయి చూడాలంటే రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు, ఉదయం మాత్ర వేయకముందే నమూనా తీయాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకొకసారి.

కొండదారి
శనివారం, రాత్రి 8.10

ఈ అయిదు రోజుల్లో ఇక్కడ చదివినదానితో మా కేంద్రంలో చేసినది చెబుతాను. బాబుకు మందు మొదలుపెట్టినప్పటి బరువు ఎక్కడా లేదని చెప్పాను కదా. మా ఫార్మసిస్టు గారికి ఒక ఆలోచన వచ్చింది: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏటా బడిలో పిల్లలందరినీ తూస్తుంది. బడికి మనిషిని పంపితే, మందు మొదలైన నెలకు కాస్త ముందు రాసిన కార్డు దొరికింది: 26 కిలోలు, 124 సెంటీమీటర్లు. ఏడాదిన్నరలో నాలుగైదు కిలోలు పెరగవలసిన పిల్లవాడు పదిహేను పెరిగాడు. పరగడుపు షుగర్ 104; ఇంకా మధుమేహం కాదు, కానీ ఆ దారిలో ఉన్నది. ఆ రెండు చుక్కలనూ చార్టు మీద పెట్టి ఫోటో తీసి రాసిన డాక్టరు గారికి పంపాను. ఆయన గంటలోపే స్వయంగా ఫోన్ చేశారు, మందు మార్చే క్రమాన్ని వారం వారం రాసి పంపారు.

మా పరిధిలోని ఆశా కార్యకర్తల ద్వారా ఆరా తీస్తే ఇటువంటి మందులు వాడే పిల్లలు ఏడుగురు తేలారు. నేను ముగ్గురని అనుకున్నాను. ఏడుగురికీ రెండు వందల పేజీల నోటుబుక్కులో తలా పది పేజీలు కేటాయించాము. పై వరుసలో మందు పేరు, మోతాదు, రాసిన వైద్యుని ఫోను, కింద తేదీ, బరువు, ఎత్తు, బీపీ, కదలికలు, నిద్ర, నెలసరి, "పిల్ల చెప్పిన మాట" అని ఒక గడి. చివరి గడి సబ్‌సెంటర్ సిస్టర్ గారి వల్ల చేరింది.

ఈ రోజు తల్లి మళ్లీ వచ్చారు. మెడ మీద పుండ్లు మానుతున్నాయి, రుద్దడం మానేశారు. తరువాత ఎప్పుడు రావాలని అడిగారు. నాలుగు వారాల తరువాత మంగళవారం అని, చెప్పులు విప్పి, ఇదే తూకం మీద, ఉదయం టిఫిన్‌కు ముందు అని చెప్పాను. బాబు ఆ మాట విన్నాడో లేదో తెలియదు, వెళ్లబోతూ వెనక్కి వచ్చి చెప్పులు విప్పి తూకం మీద నిలబడ్డాడు. 40.8.